బాగుంది అనకూడని టీ

కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టినప్పుడల్లా నాకొక మనిషి గుర్తొస్తారు. కెనడాలో నేనుండే రెజైనా ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువ. నెలకోసారి వెనిగరూ నీళ్ళూ కలిపి మరిగించి పారబోయకపోతే ఆ పెచ్చు రేకులుగా ఊడి కప్పులో తేలుతుంది. మొన్న మే నెలలో ఒక ఆదివారం ఆ పని చేస్తుండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయారమ్మా. నిన్న పొద్దున నిద్రలోనే," అన్నారు. వంటింటి నిండా వెనిగర్ వాసన. ఈ వాసన ఆయనకి తెలిసేది కాదు కదా అనుకున్నాను. అలాంటి సమయంలో అలాంటి ఆలోచన ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన కూడా మమ్మల్ని ఏనాడూ పేర్లతో పిలవలేదు. ఆయనకి మేం మనుషులం కాదు, ఊళ్ళం. నేను జగిత్యాల. నా రూమ్మేట్లలో ఒకతి గుంటూరు, ఇంకొకతి కడప. "పేర్లు నాకు నిలవవమ్మా. ఊళ్ళయితే మ్యాపులో ఉంటాయి, మర్చిపోయినా వెతుక్కోవచ్చు," అనేవారు. ఆయనది కాకినాడ దగ్గర ఏదో ఊరు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇదే కెనడాలో సార్నియా అనే ఊళ్ళో ఒక కెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు.

నేను సార్నియా కాలేజీలో చేరిన ఏడాది, ఊళ్ళో ఏ సందులో చూసినా బ్యాగులు తగిలించుకున్న మనవాళ్ళే. ఒక్కో ఇంటి బేస్‌మెంటులో అయిదుగురేసి. బస్సులు మాత్రం అంతకుముందు ఎన్ని ఉన్నాయో అన్నే. ఆ చలికాలంలో ఒకరోజు, సరుకులు తొట్లలో విడిగా పోసి అమ్మే కొట్లో టీ ఆకుల తొట్ల ముందు నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. "మన దగ్గర దొరికే పొడి గిక్కడ లేదే, అన్నీ ఆకులే ఉన్నయి," అంటున్నాను. పక్కనే చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కున్న పొడుగాటి పెద్దాయన చిన్న గరిటెతో ఆకు తీసి నా ముందు పెట్టారు.

"తెలుగమ్మాయివేనా? చిన్న సాయం చెయ్యి. ఇది వాసన చూసి చెప్పు."

కళ్ళజోడు మర్చిపోయి వచ్చి డబ్బా మీద అక్షరాలు చదివిపెట్టమనే పెద్దవాళ్ళని చూశాను. వాసన చూసిపెట్టమన్న మనిషిని అదే చూడటం. ఫోన్ పెట్టేసి వాసన చూశాను.

"మంచిగనే ఉంది అంకుల్."

"మంచిగా అంటే? ఎండుగడ్డిలా ఉందా, తడి చెక్కలా ఉందా, అసలేం లేదా?"

మళ్ళీ చూశాను. "ఎండుగడ్డి లెక్క. కొంచెం బెల్లం లెక్క గూడ."

ఆయన ముఖం విప్పారింది. ఆ ఆకు కట్టించుకున్నారు. తర్వాత ఎలా వెళతావని అడిగారు. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుందని చెప్పాను. బయట ముక్కు ఊడిపోయే చలి. వ్యానులో దింపుతానన్నారు. దారిలో ఊరూ చదువూ అడిగారు. మేం ముగ్గురం ఊరి చివర ఒక వృద్ధాశ్రమం వంటింట్లో శుక్ర, శనివారాలు సాయంత్రం షిఫ్టు చేస్తామనీ, అటు బస్సు వెళ్ళదనీ, సగం దూరం మంచులో నడుస్తామనీ చెప్పాను. "శుక్రవారం మూడింటికి ముగ్గురూ మా ఇంటికి రండి. టీ తాగాక నేను దింపుతాను," అన్నారు. ఆ రోజు మొదలు దాదాపు రెండేళ్ళు ఆ వ్యాను మాకు కాళ్ళు. అది లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఆ ఉద్యోగం లేకపోతే నాకు తర్వాతి సెమిస్టరు లేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే మేం చేసిన తప్పుకి ఇదే మూలం.

మాకు తెలిసిన టీ వేరు. పాలూ నీళ్ళూ పొడీ చక్కెరా అల్లమూ ఒకే గిన్నెలో పోసి, పొంగి పొయ్యి మీద పడబోయేదాకా మరిగిస్తాం. ఆయన దాన్ని ఎప్పుడూ తక్కువ చేయలేదు. "అది మంచిదే. కానీ అది వేరే ప్లాంటు," అనేవారు. ఆయన ప్లాంటు ఇలా నడిచేది. కుళాయి తిప్పి, పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా ఆగి, చల్లటి కొత్త నీళ్ళు కెటిల్‌లో పట్టేవారు. గ్యాస్ పొయ్యి మీద పెట్టి దాని ముందే నిలబడేవారు. తెర్లు వచ్చీ రాగానే దింపాలి. ఇంకా ఉంచితే నీళ్ళు చచ్చిపోతాయని వాళ్ళింట్లో మాట. మొదట ఆ నీళ్ళు కాసిని బొద్దుగా ఉండే మట్టిరంగు పింగాణీ టీపాట్‌లో, ఆయన మాటలో కుండీలో, పోసి, తిప్పి, పారబోసేవారు. చల్లటి కుండీలో ఆకు వేస్తే ఆకు ముడుచుకు కూర్చుంటుందట, కొత్తచోటికి వచ్చిన పిల్లలాగా. మనిషికో చెంచా ఆకు. కుండీకి ఇంకో చెంచా వెయ్యాలనే తెల్లవాళ్ళ లెక్క ఆయన ఒప్పుకునేవారు కాదు, కుండీ టీ తాగదని. నీళ్ళు పోసి, మూత పెట్టి, పైన ఆంటీ అల్లిన ఉన్ని టోపీ తొడిగి, నాలుగు నిమిషాలకి టైమర్ తిప్పేవారు. ఆయన తలమీదా కుండీ తలమీదా ఒకే రంగు టోపీలు. పాలు వేరే గిన్నెలో వేడి చేసేవారు, పొంగనిచ్చేవారు కాదు. కప్పుల లోపలి వైపు తప్పకుండా తెల్లగా ఉండాలి.

ఇదంతా చూడటానికి సరదాగా ఉండేది. కష్టం తర్వాత మొదలయ్యేది.

"ఎలా ఉంది?"

"సూపర్ అంకుల్," అనేది గుంటూరు.

"సూపర్ ఏంటమ్మా. నాలుక మీద ఎలా ఉంది, మింగాక ఎలా ఉంది?"

"బాగుందండీ."

"బాగుంది అన్న మాట ఈ ఇంట్లో చెల్లదు. అది పేరంటానికొచ్చినవాళ్ళు అనే మాట. ఎలా ఉందో చెప్పు."

మేం ముగ్గురం మొహాలు చూసుకునేవాళ్ళం. ఆయన మాత్రం మేం చెప్పేదాకా తన కప్పు ముట్టుకునేవారు కాదు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురులో రంగు చూసేవారు. వంటల థర్మామీటరు ముంచి వేడి చూసేవారు. మేం ఏదో ఒకటి అన్నాక, అదే నిజమన్నట్టు తల ఊపి, అప్పుడు తాగేవారు. ఇంటికొచ్చాక దీని మీద మాకు చర్చలు. "రిటైరైతే అంతేనే. ఏదో ఒక పిచ్చి పట్టకపోతే పొద్దుపోదు," అనేది గుంటూరు. "కాదుమే, వ్యానెక్కించుకునేదానికి మనకి పరీక్ష పెడతాండాడు. పాసైతేనే ఎక్కిస్తాడు," అనేది కడప. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. కొట్లో తొలిరోజు ఆయన నా ముఖంలోకి చూసిన చూపు గుర్తొచ్చేది. అది పరీక్ష పెట్టేవాడి చూపు కాదు, దారి అడిగేవాడి చూపు. ఏం దారో అర్థం కాలేదు. అడగడానికి నోరు రాలేదు.

ఆంటీ సంగతి కొద్దికొద్దిగా తెలిసింది. వాళ్ళమ్మాయి టొరంటో పక్కన ఎటోబికోలో ఉంటుంది, ఆస్పత్రిలో షిఫ్టుల ఉద్యోగం, కవల పిల్లలు. వాళ్ళని చూసుకోవడానికి ఆంటీ అక్కడే ఉండి, రెండు వారాలకోసారి శనివారం పొద్దున బస్సు దిగుతారు. ఆ ముందురోజు శుక్రవారం అంకుల్ ప్రశ్నలు రెట్టింపయ్యేవి. అదీ నేను గమనించాను.

మార్చిలో అనుకుంటా, అలాంటి శుక్రవారమే ఒకటి. కుండీ మీద టోపీ తీసి, మూత ఎత్తి, ఆయన మాకు తలా ఒక కప్పు పోశారు. రంగు ఎప్పటిలాగే, ఎండలో పెట్టిన తేనెలా ఉంది. నేను కప్పు మూతి దగ్గరికి తెచ్చుకున్నాను. ఇంగువ. సందేహం లేదు. పులుసులో తిరగమోత పెట్టినంత ఇంగువ. తర్వాత తెలిసింది, ఆకు నిండుకున్న డబ్బా కడిగి ఆరబెట్టి, ఈలోగా కొత్త ఆకుని అలమరలో ఖాళీగా ఉన్న ఒక స్టీలు డబ్బాలో పోశారట. అది ఆంటీ ఇంగువ డబ్బా. టీ ఆకు పక్కింటి వాసన కూడా పట్టేస్తుంది, ఇక ఇంగువ సంగతి చెప్పాలా.

"ఎలా ఉంది?"

గుంటూరు ఒక గుక్క మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాగుందంకుల్. కొంచెం... ఘాటుగా," అంది. కడప నేలచూపులు చూస్తూ, "బాగుందండీ," అంది. ఆయన నావైపు తిరిగారు. పది నిమిషాల్లో షిఫ్టుకి బయల్దేరాలి. బయట మంచు కురుస్తోంది. పెద్దాయన చేత్తో పోసిన టీ కంపు కొడుతోందని ఎలా చెప్పను? మా ఇంట్లో చుట్టాలింటికి వెళ్ళేముందు అమ్మ నేర్పిన మొదటి పాఠం, పెట్టింది తిని బాగుందనాలని.

"మంచిగుంది అంకుల్," అన్నాను.

ఆయన సంతోషంగా మాకు ఇంకో కప్పు పోశారు. కక్కలేక మింగలేక మింగాం.

వ్యానులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన మంచి హుషారులో ఉన్నారు. "ఘాటుగా ఉందంది కదా గుంటూరు. మీ ఆంటీకి ఘాటు ఇష్టం. రేపు పొద్దున్న ఇదే ఆకు, ఇదే నాలుగు నిమిషాలు," అన్నారు. రేపు ఆవిడ ముందు ఈ మనిషి నవ్వులపాలవుతారు, అదీ మా మాట నమ్మి. చెబితే కోపం వచ్చి ఇక వ్యాను రాదేమో. చెప్పకపోతే ఇంత మంచి మనిషిని మోసం చేసినట్టు. రెండు సిగ్నళ్ళు దాటేదాకా అటూ ఇటూ తేల్చుకోలేకపోయాను.

"అంకుల్, ఒక మాట చెప్తా. ఏమనుకోవద్దు."

వెనకనుంచి గుంటూరు నా జాకెట్ పట్టుకుని లాగింది.

"ఇయ్యాల టీ ల ఇంగువ వాసనొచ్చింది. ముగ్గురికీ వచ్చింది. మొహమాటానికి చెప్పలే."

ఆయన కొంచెం ముందుకి పోనిచ్చి, మూసి ఉన్న ఒక కొట్టు ముందు ఆపారు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. దించేస్తారేమో అనుకున్నాను.

"ఎంత?" అన్నారు.

"అంటే అంకుల్?"

"ఇంగువ. ఎంత వచ్చింది? తాగకముందే వచ్చిందా, మింగాకా?"

"కప్పు పట్టుకున్నప్పుడే వచ్చింది. మింగినంక ఇంకా ఎక్కువైంది."

"మరి కప్పు మొత్తం తాగారు కదమ్మా మీరు."

"రెండు కప్పులు," అంది కడప, వెనకనుంచి మెల్లగా.

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. నదివైపు ప్లాంట్ల పొగగొట్టాలు కనబడుతున్నాయి. ఒకదాని చివర మంట వెలుగుతోంది. అటు చూపించారు.

"అక్కడ ఏ వాల్వు కారుతోందో గేజ్ చూడకముందే ముక్కుతో చెప్పేవాణ్ణి. తెల్లవాళ్ళు నన్ను పిలిచి మరీ వాసన చూపించేవారు. కరోనా వచ్చింది, తగ్గింది. పోతూ పోతూ ముక్కు పట్టుకుపోయింది. ఉల్లిపాయా అంతే, గులాబీ అంతే. డాక్టరు వస్తే వస్తుంది లేకపోతే లేదన్నాడు. రాలేదు."

"ఆంటీకి తెల్వదా?" అన్నాను.

"తెలిస్తే ఇంకేవన్నా ఉందా? గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో ముక్కు లేనివాణ్ణి ఒక్కణ్ణీ ఉంచుతుందా? ఇల్లు అమ్మేసి ఎటోబికో వచ్చెయ్యమంటుంది. పదిహేడో అంతస్తు. అక్కడ సోఫాలో ఓ పక్కకి జరిగి కూర్చోడవే నా పని. ఇక్కడైతే మంచు తియ్యాలి, మిమ్మల్ని దింపాలి, నేను పనికొస్తాను." టోపీ మళ్ళీ పెట్టుకుని అన్నారు, "ముప్పై అయిదేళ్ళుగా పొద్దున్నే టీ పెట్టేది నేనమ్మా. నాకొచ్చిన వంట అదొక్కటే. తను తాగి ఏదో ఒకటి చెబుతుంది. ఆకు ముదిరిందంటుంది, నీళ్ళు చచ్చాయంటుంది. ఒక్కరోజు బాగుంది అనలేదు. నాకు వాసన తెలీదని ఆ టీ దగ్గరే పట్టేస్తుంది."

ఆ రోజు షిఫ్టుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళి సూపర్‌వైజర్ చేత మాటపడ్డాం. అయినా నాకు బాధ అనిపించలేదు. ఇన్నాళ్ళ ముడి విడిపోయింది. ఆ మర్నాడు పొద్దున ఏడింటికే బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళి, కొత్త ఆకు వాసన చూసి, ఆంటీ వచ్చేలోపు బయటపడ్డాను. తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. గొంతు తగ్గించి, దొంగసొమ్ము పంచుకునేవాడిలా చెప్పారు.

"జగిత్యాలా, పలచనైందంది."

"అయ్యో, సారీ అంకుల్."

"సారీ ఏంటమ్మా, పలచనైందంది. అంటే మిగతాదంతా సరిగ్గానే ఉందన్నమాట."

ఒకరు వంక పెడితే అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పటినుంచి నేను ఆయన ముక్కుని. శుక్రవారం ముందుగా వెళ్ళేదాన్ని. పాలు వాసన చూడాలి, ఆకు వాసన చూడాలి, కుండీ లోపల ముక్కు పెట్టి చూడాలి. నేను చెప్పేది వినడానికి ఆయన చేతులు కట్టుకుని నిలబడేవారు. బెల్లం అంటే ఏ బెల్లం, కొత్తదా పాతదా అనేవారు. నాకు అంతవరకూ వాసనలు రెండే, మంచిది, కంపు. ఆయన అడిగీ అడిగీ నా చేత మాటలు కక్కించారు. తడిసిన గోనె, కొత్త చీపురు, వాన పడ్డ సిమెంటు మెట్టు, మా నాయనమ్మ పెట్టె. తనకి తెలియని వాసనని నా మాటల్లో ఆయన ఎక్కడో పట్టుకునేవారు. "ఆఁ, అయితే అరనిమిషం తగ్గిద్దాం," అనేవారు. అరనిమిషం తగ్గిస్తే నిజంగానే బాగుపడేది. బాగుపడిందని అనకూడదు గనక, "గోనె పోయింది అంకుల్," అనేదాన్ని. కుండీ ఎలా వేడి చేయాలో, ఎప్పుడు దింపాలో నాకు పట్టుబడింది కూడా అలాగే.

రెండో చలికాలంలో ఒక శుక్రవారం నేను వాసన చూడటానికి వెళ్ళలేకపోయాను. ఆ రోజు పరీక్ష, షిఫ్టుకి సెలవు పెట్టాను. మర్నాడు శనివారం పదింటికి, ఎలాగూ ఆంటీని పలకరించినట్టుంటుందని వెళ్ళేసరికి ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. కుండీ మీద టోపీ తీసి ఉంది. అప్పుడే కప్పులు నిండాయి. ఆంటీ పొట్టిగా, తెల్లగా నెరిసిన జుట్టుతో, దేన్నైనా కళ్ళు చికిలించి చూసే మనిషి. నాకూ ఒక కప్పు పోశారు అంకుల్. ఎత్తగానే నాకు తెలిసింది, పాలు పులిశాయి. విరిగేంత కాదు. కంటికి కనబడదు. ముక్కుకే తెలుస్తుంది. నేను తల ఎత్తేలోపు ఆంటీ సగం తాగేశారు.

"ఎలా ఉంది?" అన్నారు అంకుల్.

ఆవిడ కప్పు దించారు. ఆయన ముఖంలోకి చూశారు. "బాగుందండీ," అన్నారు.

అంకుల్ ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను. ముప్పై అయిదేళ్ళలో రాని మాట వచ్చింది. అది ఎందుకొచ్చిందో ఆయనకి తెలిసింది, నాకూ తెలిసింది. ఇల్లు పోయిందనుకున్నాను.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నారు ఆయన.

"పోయినేడాది నుంచి. మీ వెనకాలే అగరొత్తి వెలుగుతుంటే, ఇవాళ దేవుడికి అగరొత్తి వెలిగించలేదేం అన్నారు." ఆవిడ చీరకొంగుతో బల్ల తుడిచారు, అక్కడ తుడవడానికేం లేదు. "ఆ పిండి డబ్బా వెనకాల చూడండి. గ్యాస్ లీకైతే కూసే అలారం. పెట్టి పది నెలలైంది. అడిగితే ఇల్లు విడిచి రమ్మంటానని భయపడుతున్నారు కదా అని ఊరుకున్నాను."

అంకుల్ లేచి పిండి డబ్బా జరిపి చూశారు. గోడ ప్లగ్గులో అరచేతిలో పట్టేంత తెల్లటి పెట్టె, చిన్న పచ్చ లైటు. ప్రతి నట్టూ బోల్టూ చూసుకునే ఇంజనీరు ఇంట్లో పది నెలలు అది వెలుగుతూనే ఉంది. ఆయన చాలాసేపు దానివైపే చూసి వచ్చి కూర్చున్నారు.

"ఊరుకుంటే ఊరుకో," అన్నారు. "అలారం పెట్టుకో, ఇల్లు అమ్ముతానను, ఏదైనా అను. బాగుంది అని మాత్రం అనకు. నేను చుట్టాన్ని కాదు."

ఆంటీ కప్పు మళ్ళీ ఎత్తారు. వాసన చూశారు. ఇంకో గుక్క తాగారు, ఏ తొందరా లేకుండా.

"పాలు పులిశాయి. మూణ్ణాలుగు రోజుల కిందటివి. ఆకు మాత్రం బానే దిగింది."

ఆయన తన కప్పు తీసుకుని గుటగుటా తాగేశారు. మీసం మీద పాల చార. "జగిత్యాలా, ఫ్రిజ్‌లో ఇంకో పాల ప్యాకెట్టుంది. వాసన చూసి ఇయ్యి," అన్నారు. నేను ఫ్రిజ్ తలుపు వెనక కావలసినదానికన్నా ఎక్కువసేపు నిలబడ్డాను. ఏడుస్తున్నానని వాళ్ళకి తెలియకూడదని.

ఇల్లు అమ్మలేదు. గ్యాస్ పొయ్యి పోయి కరెంటు పొయ్యి వచ్చింది, అది నీళ్ళని నిద్రలేపేసరికి తెల్లారుతుందని ఆయన రోజూ తిట్టుకునేవారు. నేను చదువు ముగించి ఉద్యోగానికి రెజైనా వచ్చాను. మొదటి ఫోన్‌లో ఆయన జీతం అడగలేదు, ఇల్లు అడగలేదు. "అక్కడ నీళ్ళెలా ఉంటాయి? కెటిల్ అడుగున తెల్లగా కడుతోందా?" అని అడిగారు. కడుతోందన్నాను. "అయితే ఆకు అర చెంచా ఎక్కువెయ్యి, అయిదు నిమిషాలుంచు. రేపు చేసి చెప్పు," అన్నారు. ఆ రేపు మూడేళ్ళు సాగింది. పెళ్ళి సంబంధాల గురించి అందరూ అడిగేవారు, నా టీ గురించి అడిగింది ఆయనొక్కరే.

ఫోన్ వచ్చిన మర్నాడే విమానమెక్కి టొరంటోలో దిగి, బస్సులో సార్నియా చేరేసరికి సాయంత్రమైంది. ఇంటి నిండా మనుషులు. ప్లాంటులో కలిసి పనిచేసిన తెల్లవాళ్ళు, ఎటోబికో నుంచి అమ్మాయీ అల్లుడూ, గోడవారన నాకు తెలియని కొత్త పిల్లలు నలుగురు, వ్యానులో దిగబెట్టించుకున్నవాళ్ళే అయ్యుంటారు. మన ఆచారం ప్రకారం ఆ ఇంట్లో వాళ్ళు పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళు అన్నం తెస్తున్నారు. టీ మాటేమిటని ఎవరో అడిగారు. ఆంటీ కుర్చీలోంచి తల తిప్పి నన్ను చూసి, వంటింటివైపు చెయ్యి చూపించారు.

కుండీ అక్కడే ఉంది, టోపీ పక్కనే మడతపెట్టి ఉంది. కుళాయి తిప్పి నిలవ నీళ్ళు పోనిచ్చాను. కెటిల్ పెట్టాను. పిండి డబ్బా వెనక పచ్చ లైటు ఇంకా వెలుగుతోంది, గ్యాసే లేని ఇంట్లో. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. కెటిల్ ఎప్పటినుంచో కూస్తోందని తెలిసి ఉలిక్కిపడి, దింపి, కుండీ వేడిచేసి, ఆకు వేసి, నాలుగు నిమిషాలు చూసి, పాలు వాసన చూసి, పళ్ళెంలో కప్పులు పెట్టి అందరికీ ఇచ్చాను.

బాగుందమ్మా అన్నారు పక్కింటావిడ. చాలా బాగుందక్కా అన్నారు కొత్త పిల్లలు, అలవాటైన మొహమాటంతో. తెల్లవాళ్ళు కూడా వాళ్ళ భాషలో అదే అన్నారు.

ఆఖరి కప్పు ఆంటీకి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ రోజంతా ఎవరేమిచ్చినా ముట్టలేదట. వాసన చూసి ఒక గుక్క తాగి, కళ్ళు చికిలించి నావైపు చూశారు.

"నీళ్ళు చచ్చాయి," అన్నారు. "మళ్ళీ పెట్టు."

నా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆ కప్పు తీసుకుని వెళ్ళి, కుండీ కడిగి, మళ్ళీ పెట్టాను.